వైద్యం నుండి రచనకు: డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య

కృష్ణానది మహాబలేశ్వరం కొండలలో పుట్టి, దక్కను పీఠభూమిని దాటి, బంగాళాఖాతాన్ని చేరే ముందు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఏర్పడిన సారవంతమైన భూమియే దివిసీమ. సుబ్రహ్మణ్యేశ్వరుని క్షేత్రంగా పేరొందిన మోపిదేవి, దానికి చేరువలోని చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక మొదలైన ఊళ్లు ఈ డెల్టా అంచున పచ్చని వరిచేల మధ్య కనిపిస్తాయి. ఈ ప్రాంతానికి చిరకాలంగా ముఖ్యపట్టణం మచిలీపట్నం. జనవ్యవహారంలో దాని పేరు బందరు. ఇక్కడి కలంకారీ వస్త్రాలు ఒకనాడు సముద్రాలు దాటి వెళ్లాయి. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకస్థానం ఏర్పాటు చేసుకున్నారు. 1864లో వచ్చిన ఉప్పెన సుమారు 30 వేల మందిని బలిగొన్నది. రేవు పూర్వవైభవాన్ని కోల్పోయింది. అయినా ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో బందరు మళ్లీ తెలుగువారందరి దృష్టిని ఆకర్షించింది. ఈసారి ఆ కీర్తికి కారణం ఓడలు కావు. ఒక పత్రిక, ఒక జాతీయ విద్యాలయం, ఒక బ్యాంకు. ఈ మూడింటితోనూ అనుబంధం గల ఒక వైద్యుడు నాడు ఆ పట్టణంలో ఉండేవారు. చేతినిండా పని ఉన్న వృత్తిని నడివయస్సుకు ముందే విడిచిపెట్టి, కలం పట్టి, ఒక మహోద్యమానికి చరిత్ర వ్రాసిన ఆ వైద్యుడే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య.

పట్టాభి 1880 నవంబరు 24న ఏలూరు సమీపంలోని గుండుగొలను గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం ప్రస్తుతం ఏలూరు జిల్లాలో ఉంది. ఆయనది సామాన్య కుటుంబం. చదువు తప్ప వేరొక ఆస్తి లేదని బాల్యంలోనే గ్రహించిన పట్టాభి శ్రద్ధగా విద్యనభ్యసించారు. బందరులో 1843లో స్థాపితమైన నోబుల్ విద్యాసంస్థలో చదివారు. సంఘసంస్కర్త, విద్యావేత్త రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ప్రభావం అక్కడి యువకులపై బలంగా ఉండేది. పట్టాభి కూడా ఆ ప్రభావానికి లోనయ్యారు. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఎ. పట్టం పొందారు. అంతటితో ఆగక వైద్యవిద్యనభ్యసించి ఎం.బి.సి.ఎం. పట్టభద్రులయ్యారు. ఆ రోజులలో ఆ పట్టం పొందిన తెలుగువారు బహుకొద్దిమంది. ప్రభుత్వోద్యోగం కోరుకున్నా, స్వతంత్రంగా వృత్తి సాగించినా గౌరవానికీ ధనానికీ లోటు ఉండేది కాదు. పట్టాభి స్వతంత్రవృత్తినే ఎంచుకొని బందరులో వైద్యశాల నెలకొల్పారు.

ఆనాటి వైద్యం నేటి వైద్యం వంటిది కాదు. పెన్సిలిన్ కనుగొన్నది 1928లో. అది రోగులకు అందుబాటులోకి వచ్చింది 1940 తరువాతనే. 1906 ప్రాంతంలో ఒక డాక్టరు చేతిలో ఉన్న నమ్మకమైన ఔషధాలు వ్రేళ్లపై లెక్కించదగినవి. మలేరియాకు క్వినైన్, మశూచి రాకుండా టీకా, మరికొన్ని మందులు మాత్రమే ఉండేవి. మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో నిరూపించింది 1897లో. అప్పటికి పట్టాభి ఇంకా విద్యార్థి. ఔషధాలు తక్కువైన కాలంలో వైద్యునికి పరిశీలనయే ప్రధాన సాధనం. రోగి ముఖాన్ని చూడడం, నాడిని పరీక్షించడం, వ్యాధి ఎప్పుడు, ఏ విధంగా మొదలైందో ఓపికగా అడిగి తెలుసుకోవడం, తెలుసుకున్న దానిని క్రమంగా వ్రాసిపెట్టుకోవడం వైద్యవృత్తిలోని మొదటి పాఠాలు. మన ప్రాచీన వైద్యశాస్త్రం రోగకారణాన్ని నిర్ణయించడాన్ని నిదానమన్నది. తెలుగు వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. తొందరపడనివాడే కారణాన్ని గుర్తించగలడని ఈ రెండర్థాలూ కలిసి చెబుతున్నట్లున్నాయి. ఈ శిక్షణ తరువాతి కాలంలో పట్టాభికి మరొక రంగంలో అక్కరకు వచ్చింది.

కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తి కావడంతో డెల్టా భూములకు కాలువ నీరు వచ్చింది. పంట పెరిగింది. కానీ పంట చేతికి వచ్చేవరకు రైతుకు పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడి వడ్డీవ్యాపారుల వద్ద దొరికేది. కోతల కాలానికి అప్పు వడ్డీతో కలిసి రైతును లొంగదీసేది. ఇటువంటి జిల్లాకు ముఖ్యపట్టణంలో ఉండి వృత్తి సాగించే వైద్యునికి శరీరంలోని జబ్బులతోపాటు సమాజంలోని జబ్బులు కూడా కనబడక మానవు. జ్వరం తగ్గించుకొని ఇంటికి వెళ్లిన మనిషిని పేదరికం, అజ్ఞానం, పరాధీనత మళ్లీ మంచాన పడవేస్తూనే ఉంటాయి. వాటికి మందులశాలలో మందు లేదు.

ఈ కాలంలోనే పట్టాభికి ఇద్దరు ప్రాణమిత్రులు లభించారు. ఒకరు న్యాయవాద వృత్తిని త్యజించిన కోపల్లె హనుమంతరావు, మరొకరు 1907 నుండి కృష్ణాపత్రికకు సంపాదకత్వం వహించిన ముట్నూరి కృష్ణారావు. కృష్ణాపత్రిక 1902లో మొదలై, ముట్నూరివారి చేతిలో తెలుగువారి ఆలోచనలకు అద్దమైంది. నన్నయ భారత రచనకు నారాయణభట్టు తోడైనట్లు ఈ ముగ్గురూ ఒకరి పనికి మరొకరు తోడయ్యారు. 1905లో వంగరాష్ట్ర విభజన జరిగింది. స్వదేశీ ఉద్యమం దేశమంతటా వ్యాపించింది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి చేసిన ప్రసంగాలు యువకులను కదిలించాయి. పరాయి ప్రభుత్వం నడిపే బడులలో చదివినవారు పరాయి ప్రభుత్వానికి గుమాస్తాలు మాత్రమే కాగలరని భావించిన మిత్రత్రయం స్వతంత్ర విద్యాలయానికి పూనుకొన్నది. ఫలితంగా 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. శాస్త్రవిద్యతోపాటు చేతిపనులకు, చిత్రకళకు అక్కడ స్థానం లభించింది. హనుమంతరావు తన సర్వస్వాన్నీ ఆ కళాశాలకే అర్పించి 1922లో అకాలమరణం పొందారు.

పగలు రోగులు, సాయంకాలం సభలు, రాత్రి వ్రాతపని అన్న విధంగా కొంతకాలం సాగింది. కానీ రెండు పడవల మీద కాళ్లు పెట్టి ప్రయాణం చేయడం ఎంతో కాలం సాధ్యం కాదు. వైద్యుడు పిలిచినప్పుడు పలకాలి. ఉద్యమకారుడు సభ ఉన్న చోటికి వెళ్లాలి. ఒకదానికి న్యాయం చేస్తే రెండవదానికి అన్యాయం జరుగుతుంది. దాదాపు పది సంవత్సరాలు వైద్యం చేసిన తరువాత 1916లో పట్టాభి ఆ వృత్తిని పూర్తిగా విరమించుకొన్నారు. అప్పటికి ఆయన ముప్పయి ఆరవ ఏట ఉన్నారు. వైద్యునికి పేరు, రాబడి స్థిరపడే వయస్సది. ఎన్నో ఏళ్లు కష్టపడి సంపాదించిన విద్యను పక్కనపెట్టి, ఏ జీతమూ లేని ప్రజాజీవితంలోకి అడుగుపెట్టడం తేలికైన నిర్ణయం కాదు. స్వాతంత్ర్యం వస్తుందో రాదో, వస్తే ఎప్పుడు వస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు. గాంధీజీ దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చి అప్పటికి ఒక్క సంవత్సరమే అయింది. సహాయనిరాకరణోద్యమం ఇంకా నాలుగేళ్ల దూరంలో ఉంది. నాయకుని పిలుపుతో, జనప్రవాహంతోపాటు వృత్తులు వదులుకొన్నవారు తరువాత చాలామంది ఉన్నారు. పట్టాభి అంతకుముందే తన మనస్సు చెప్పిన మాట విన్నారు.

వృత్తి విడిచిన 1916లోనే ఆయన రచన ఒకటి వెలువడింది. భారతదేశంలోని రాష్ట్రాలను భాషల ప్రాతిపదికపై పునర్విభజించాలని వాదించే గ్రంథమది. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన నాటినుండి ఆంధ్ర రాష్ట్ర వాంఛ బలపడుతూ వచ్చింది. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగంగా ఉండేవి. పాలన, న్యాయం, విద్య ప్రజలకు అర్థమయ్యే భాషలో సాగాలంటే భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడాలన్నది పట్టాభి సిద్ధాంతం. కోరికను ఆవేశంతో ప్రకటించడానికి బదులు ఆయన దానిని కారణాలతో, ఉదాహరణలతో నిరూపించే మార్గం ఎంచుకొన్నారు. ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెసు శాఖ కావాలని ఆయనా, ఆయన సహచరులూ చేసిన కృషి 1917లో ఫలించింది. 1920లో నాగపూరు కాంగ్రెసు తన శాఖలన్నింటినీ భాషల ననుసరించి ఏర్పరచుకొన్నది. ప్రభుత్వం అంగీకరించక ముప్పయి ఏళ్లకు ముందే ఒక ప్రజాసంస్థ ఆ సూత్రాన్ని ఆచరణలో పెట్టింది.

1919లో పట్టాభి బందరు నుండి జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రికను ప్రారంభించారు. తెలుగుకోసం పోరాడిన వ్యక్తి ఆంగ్లంలో పత్రిక నడపడం వింతగా తోచవచ్చు. కానీ ఆయన ఉద్దేశం స్పష్టమైనది. తెలుగువారితో మాట్లాడడానికి కృష్ణాపత్రిక ఉంది. తెలుగువారి మాట ఇతర రాష్ట్రాల నాయకులకు, పాలకులకు వినిపించాలంటే వారికి తెలిసిన భాషలో వ్రాయాలి. రోగికి అర్థమయ్యే మాటలలో చెప్పడం వైద్యునికి అలవాటే కదా. వారం వారం పత్రికకు వ్రాయడం వల్ల ఆయన కలానికి వేగం, పట్టు వచ్చాయి. ఒక సంఘటనను దాని తేదీతో, పూర్వాపరాలతో పదిలపరచే అలవాటు స్థిరపడింది.

పట్టాభి కృషి వ్రాతకే పరిమితం కాలేదు. డెల్టా రైతు అప్పుల బాధకు చికిత్స చేయాలంటే అప్పిచ్చే సంస్థ రైతుకు ఆత్మీయం కావాలని ఆయన భావించారు. జిల్లాలో సహకార బ్యాంకు వృద్ధికి పాటుపడ్డారు. 1923 నవంబరులో బందరు కేంద్రంగా ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. దాని చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అనంతరం 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ ఏర్పడింది. జిల్లా ముఖ్యపట్టణంలో పుట్టిన ఆ చిన్న బ్యాంకు దేశంలోని పెద్ద బ్యాంకులలో ఒకటిగా ఎదిగి, 1980లో జాతీయం చేయబడింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఆ పేరు నేడు బోర్డులపై లేకపోయినా, కోస్తా జిల్లాలలో తరతరాల రైతులకు, చిన్న వ్యాపారులకు, ఉద్యోగులకు అది పరిచితమైన పేరు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. బందరు సముద్రతీరం దగ్గరనే ఉంది. పట్టాభి అందులో ముందు నిలిచి జైలుశిక్ష అనుభవించారు. ఆ తరువాతి ఉద్యమంలో కూడా ఆయనకు కారాగారవాసం తప్పలేదు. నిరాడంబరమైన ఖద్దరు దుస్తులు, నిరంతర పఠనం, అపారమైన జ్ఞాపకశక్తి ఆయన వ్యక్తిత్వానికి గుర్తులయ్యాయి. కాంగ్రెసు తీర్మానాలు, అంకెలు, తేదీలు ఆయన నాలుక చివర ఉండేవి.

ఆ జ్ఞాపకశక్తికి, పదేళ్ల పత్రికారచనకు తగిన పని 1935లో లభించింది. 1885 డిసెంబరులో బొంబాయిలో 72 మంది ప్రతినిధులతో మొదలైన భారత జాతీయ కాంగ్రెసుకు 1935 నాటికి ఏబది ఏళ్లు నిండాయి. స్వర్ణోత్సవ సందర్భంగా సంస్థ చరిత్రను వెలువరించాలని నాయకులు నిశ్చయించారు. ఆ భారాన్ని పట్టాభి స్వీకరించి స్వల్పకాలంలోనే బృహద్గ్రంథాన్ని పూర్తిచేశారు. నాటి కాంగ్రెసు అధ్యక్షుడు బాబూ రాజేంద్రప్రసాద్ దానికి పీఠిక వ్రాశారు. కాంగ్రెసు కార్యవర్గమే దానిని ప్రచురించింది. హిందీలోకి కూడా అనువాదమైంది. పాలకులు వ్రాసిన చరిత్రలే చదువుకొన్న భారతీయులకు తమ పోరాటం గురించి తమవాడొకడు వ్రాసిన సమగ్రచరిత్ర చేతికందింది.

ఈ గ్రంథంలో వైద్యుని చూపు అడుగడుగునా కనిపిస్తుంది. రోగి పూర్వచరిత్ర తెలియనిదే వైద్యుడు మందు వ్రాయడు. దేశానికి వచ్చిన రుగ్మత ఎక్కడ మొదలైంది, ఏ మందు ఎప్పుడు వాడారు, ఏది పనిచేసింది, ఏది వికటించింది అని వరుసగా పరిశీలించే పద్ధతి పట్టాభి రచనలో ఉంది. తొలినాటి కాంగ్రెసువారు విన్నపాలు పంపారు. తరువాతివారు స్వదేశీ దీక్ష పట్టారు. గాంధీజీ సత్యాగ్రహ మార్గం చూపారు. వీటిలో ఏ ఒక్కటీ ఆకాశం నుండి ఊడిపడలేదనీ, ఒక్కొక్క దశ తన ముందున్న దశ నుండి పుట్టిందనీ ఆయన చూపారు. తీర్మానాల పాఠాలను, నాయకుల స్వభావ చిత్రణలను, సభల సన్నివేశాలను ఒకచోట చేర్చారు. వ్యక్తులను వర్ణించేటప్పుడు ఆయన కలంలో చమత్కారం తొణికిసలాడుతుంది.

గుణాలతోపాటు పరిమితులను గుర్తించడం విమర్శకుల ధర్మం. ఈ చరిత్ర ఉద్యమం లోపల ఉన్నవాడు వ్రాసినది. వెలుపల నిలిచి చూసేవానికి ఉండే తాటస్థ్యం ఇందులో తక్కువ. గాంధీజీ మార్గంపై రచయితకు గల భక్తి దాగదు. కాంగ్రెసుతో విభేదించిన వర్గాల వాదనలకు తగినంత చోటు దొరకలేదు. అందువల్ల తరువాతి చరిత్రకారులు దీనిని తుదితీర్పుగా కాక ముఖ్యమైన ఆధారంగా స్వీకరించారు. వ్యాసుడు భారతకథను చెప్పిన కవి మాత్రమే కాదు. ఆ కథలో ఒక పాత్ర కూడా. కథలో తానున్నప్పుడు కథను చెప్పడం ఎంత క్లిష్టమో పట్టాభికి కొద్దికాలంలోనే అనుభవానికి వచ్చింది.

1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగింది. సుభాష్ చంద్రబోస్ రెండవసారి పోటీ చేశారు. మౌలానా ఆజాద్ పోటీ నుండి తప్పుకోవడంతో గాంధీజీ అభిమతానుసారం పట్టాభి నిలిచారు. బోసుకు 1580, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. 203 ఓట్ల తేడాతో పట్టాభి పరాజితులయ్యారు. ఆ ఓటమి తనదేనని గాంధీజీ బహిరంగంగా ప్రకటించారు. దానితో ఇద్దరు అభ్యర్థుల పోటీ రెండు మార్గాల సంఘర్షణగా మారింది. పట్టాభి పేరు దేశమంతటా మారుమ్రోగింది, కానీ ఓడిన వ్యక్తిగా. నేటికీ చాలామంది ఆయనను ఆ ఒక్క సంఘటనతోనే గుర్తుంచుకొంటారు. మరొకరైతే ఆ అధ్యాయాన్ని మరచిపోవడానికి ప్రయత్నించేవారు. చరిత్రకారునికి ఆ వెసులుబాటు లేదు. 1935 నుండి 1947 వరకు గల కథతో కాంగ్రెసు చరిత్ర రెండవ సంపుటాన్ని వ్రాసినప్పుడు ఆయన తన పరాజయం ఉన్న కాలాన్ని కూడా దాటి నడవవలసి వచ్చింది. ఆ సంపుటం 1947లో వెలువడింది.

ఈ మధ్యకాలంలో ఆయన జీవితంలో మరొక ముఖ్యఘట్టం ఉంది. 1942లో ఆయన గాంధీజీ వ్యక్తిత్వాన్ని, సిద్ధాంతాలను వివరించే గ్రంథాన్ని ప్రకటించారు. ఆ సంవత్సరమే ఆగస్టులో బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం ఆమోదించబడింది. ఆగస్టు 9 తెల్లవారుజామున నాయకులను నిర్బంధించారు. కార్యవర్గ సభ్యులు పన్నెండుమందిని అహమ్మదునగరు కోటకు తరలించారు. జవహర్ లాల్ నెహ్రూ, వల్లభాయి పటేలు, మౌలానా ఆజాద్, ఆచార్య నరేంద్రదేవ్, ఆచార్య కృపలానీ ప్రభృతులతోపాటు పట్టాభి కూడా అక్కడ ఉన్నారు. విచారణ లేదు, శిక్షాకాలం ఎంతో తెలియదు. బయట దేశం అట్టుడికినట్లు ఉడుకుతున్నది. లోపల ఎత్తైన గోడలు, కొద్దిపాటి ఆకాశం. అప్పటికి పట్టాభికి అరవై ఏళ్లు దాటాయి.

ఆ కోట గొప్ప రచనాశాలగా మారింది. నెహ్రూ భారతదేశ ఆత్మను అన్వేషిస్తూ డిస్కవరీ ఆఫ్ ఇండియా వ్రాశారు. ఆజాద్ తన అంతరంగాన్ని ఉర్దూ లేఖలలో నిక్షిప్తం చేశారు. పట్టాభి కూడా కలం పట్టారు. అయితే ఈసారి ఆయన వ్రాసింది తీర్మానాల చరిత్ర కాదు. నిర్బంధంలో మనస్సులో మెదిలిన ఆలోచనలను, అనుభవాలను, చమత్కారాలను ఆయన కాగితాలపై పెట్టుకొన్నారు. ఆ రచన 1946లో ఫెదర్స్ అండ్ స్టోన్స్ అనే పేరుతో ప్రచురితమైంది. తెలుగులో చెప్పాలంటే ఈకలు, రాళ్లు. తేలికైనవీ బరువైనవీ పక్కపక్కనే ఉంటాయని ఆ పేరే తెలియజేస్తుంది. వైద్యునిగా పరుల దేహాన్ని, చరిత్రకారునిగా దేశాన్ని పరిశీలించిన మనిషి ఇక్కడ తన మనస్సునే పరిశీలించుకొన్నాడు. రచన వల్ల మనిషిలో వచ్చే పరివర్తన ఇదే. బయటి ప్రపంచాన్ని చూడడం నేర్చిన కన్ను చివరకు లోపలికి తిరుగుతుంది. పదవి, పత్రిక, సభ, సమావేశం అన్నీ దూరమైన సుమారు మూడేళ్లపాటు ఆయనకు ఊరటనిచ్చింది ఆ కలమే.

1947లో స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగ సభలో పట్టాభి సభ్యులుగా ఉన్నారు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్ పై గెలిచి ఆయన కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ డిసెంబరులో జయపూరు మహాసభకు అధ్యక్షత వహించారు. తొమ్మిదేళ్ల క్రితం చేజారిన గౌరవం ఈ విధంగా లభించింది. కానీ ఆ గౌరవంతోపాటు కఠినమైన పరీక్ష కూడా వచ్చింది. భాషారాష్ట్రాల సమస్యను పరిశీలించడానికి జవహర్ లాల్, వల్లభాయి, పట్టాభి సభ్యులుగా ఒక సంఘం ఏర్పడింది. వారి పేర్ల తొలి అక్షరాలను బట్టి దానికి జె.వి.పి. కమిటీ అని పేరు వచ్చింది. దేశ విభజన గాయాలు ఇంకా మానలేదు. సంస్థానాల విలీనం జరుగుతున్నది. అటువంటి సమయంలో భాషారాష్ట్రాల ఏర్పాటును వాయిదా వేయడం మంచిదని 1949 ఏప్రిల్ లో ఆ సంఘం అభిప్రాయపడింది. మద్రాసు నగరంపై హక్కును ఆంధ్రులు వదులుకొంటే ఆంధ్ర రాష్ట్ర విషయాన్ని మాత్రం పరిశీలించవచ్చునని తెలిపింది.

1916లో భాషారాష్ట్రాల కోసం గ్రంథం వ్రాసిన చేతితోనే 1949లో వాయిదాను సూచించే నివేదికపై సంతకం చేయవలసి వచ్చింది. తెలుగువారిలో చాలామంది నొచ్చుకొన్నారు. దేశాధ్యక్షస్థానంలో ఉన్నవాడు తన ప్రాంతం కోరికను మాత్రమే చూడలేడని కొందరు సమర్థించారు. వైద్యుడు ఒక్కొక్కసారి శస్త్రచికిత్స అవసరమని తెలిసీ రోగి బలం పుంజుకొనేవరకు ఆగుతాడు. కానీ ఆగిన కాలంలో బాధ అనుభవించేది రోగియే. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణతో ఆ బాధ పతాకస్థాయికి చేరింది. 1953 అక్టోబరు 1న మద్రాసు నగరం లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. పట్టాభి గ్రంథం వెలువడి అప్పటికి ముప్పయి ఏడేళ్లు. ఆ సమయానికి ఆయన తెలుగునేలకు దూరంగా, నాగపూరు రాజధానిగా గల నాటి మధ్యప్రదేశ్ కు గవర్నరుగా ఉన్నారు. 1952 నుండి 1957 వరకు ఆ పదవిని నిర్వహించి విశ్రాంతి పొందారు. 1959 డిసెంబరు 17న హైదరాబాదులో పరమపదించారు. అప్పటికి భాషాప్రయుక్త రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ అవతరించి మూడేళ్లు గడిచాయి. తాను యౌవనంలో కలగన్న దానిని ఆయన కన్నులారా చూసి వెళ్లారు.

వైద్యవృత్తి నుండి రచనకు వచ్చినవారు ప్రపంచ సాహిత్యంలో ఎందరో ఉన్నారు. రష్యా రచయిత చెహోవ్ వైద్యునిగా ఉంటూనే కథలు, నాటకాలు వ్రాశాడు. ఆంగ్ల రచయిత సోమర్సెట్ మామ్ వైద్యవిద్య పూర్తిచేసి, వృత్తిని చేపట్టకుండా రచనకు అంకితమయ్యాడు. తెలుగులో డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు నవలతో చిరస్థాయిగా నిలిచారు. మనిషి అత్యంత నిస్సహాయంగా ఉన్న క్షణాలను దగ్గరగా చూసే అవకాశం వైద్యునికి ఉంటుంది. ఆ చూపు కలానికి తోడైతే రచనకు నిజం అబ్బుతుంది. పట్టాభి కథలు వ్రాయలేదు. దేశం కథ వ్రాశారు. ఆయన వ్రాసినదంతా ఆంగ్లంలోనే ఎక్కువగా ఉండడం వల్ల తెలుగు సాహిత్య చరిత్రలో ఆయనకు పెద్ద చోటు దక్కలేదు. అయినా తెలుగు గడ్డపై నిలిచి, బందరు వీధులలో నేర్చుకొన్న మానవస్వభావంతో ఆయన వ్రాశారు.

చదువుకొన్న చదువును విడిచిపెట్టినంత మాత్రాన ఆ చదువు మనిషిని విడిచిపెట్టదని పట్టాభి జీవితం నిరూపిస్తుంది. ఆయన వైద్యశాల మూతపడింది, కానీ వైద్యుని ఓపిక, పరిశీలన, కారణాన్వేషణ ఆయనతోనే ఉన్నాయి. బ్యాంకు స్థాపించినా, పత్రిక నడిపినా, చరిత్ర వ్రాసినా ఆయన చేసింది ఒక విధమైన చికిత్సయే. కొన్ని చికిత్సలు ఫలించాయి. కొన్ని ఆలస్యమై బాధ కలిగించాయి. గెలుపును, ఓటమిని, తన నిర్ణయాలపై వచ్చిన నిందను కూడా మోస్తూ ఆయన చివరివరకు నడిచారు. నేడు బందరు నుండి చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమకు వెళ్లే దారిలో కాలువల నీరు పారుతూనే ఉంది. ఒక కాలువకు వచ్చిన నీరు పిల్లకాలువల గుండా ఎన్నో చేలకు చేరుతుంది. ఒక వృత్తిలో నేర్చిన విద్య మరెన్నో పనులకు ప్రాణం పోయగలదు. ఏ చదువు చదివేవారైనా, ఏ వృత్తిని కోరుకొనేవారైనా, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య జీవితం నుండి గ్రహించవలసిన సత్యమిదే.